అరవై సెంట్ల నడక

మల్లికార్జున రోజూ తెల్లారగానే లేచి, పిచ్చమ్మవ్వ ఇచ్చిన సద్దిలో మజ్జిగ కలుపుకుని తాగి, నోటుపుస్తకం చంకన పెట్టుకుని చేల మీద పడేవాడు. వాళ్ళది కలువాయిలో సేద్యపు ఇల్లు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది అతనొక్కడే. బాపట్లలో వ్యవసాయం చదివి, అక్కడే పరిశోధనలో చేరి, చిన్న రైతుల బతుకు మీద పుస్తకం రాయడానికి 1954లో ఉదయగిరి దగ్గరున్న ఈ పల్లెకి వచ్చాడు. పిచ్చమ్మ ఇంట్లోనే వసారాలో మకాం.

బాపట్ల నుంచి ప్రొఫెసరు గారు పంపిన ఫారంలో నూట పన్నెండు ప్రశ్నలు. ఎన్ని ఎకరాలు, ఎన్ని ఎద్దులు, ఏటా ఎన్ని బండ్ల దిబ్బ ఎరువు, ఇంటి నుంచి చేనికి ఎంత దూరం. ఊళ్ళో సొంత భూమి ఉన్న ఇళ్ళు నలభై. ముప్పై తొమ్మిది ఫారాలు పూర్తయ్యాయి. పిచ్చమ్మ ఫారంలో మాత్రం దూరం గడి ఖాళీగా ఉండిపోయింది. ఆమె చేను నడుస్తుంది మరి.

మొగుడు పోయిన ఏడాదే పిచ్చమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. దుర్గం కొండ కింద ఉన్న చేనికి అర మైలు నడవలేక ఇంటి పట్టున కూచుంది. ఆ వానాకాలం నుంచే అరవై సెంట్ల చేను ఇంటివైపు బయల్దేరింది. నెలకి ఏడెనిమిది బారలు. మీదున్న కంది మొక్క ఒక్క ఆకు రాల్చేది కాదు. దారిలో ఉన్న చేలు కాస్త అటూ ఇటూ సర్దుకునేవి. గట్టు జరుపుకోవడం నీకు కష్టంగా లేదా అని మల్లికార్జున అడిగితే పక్క చేని రోశయ్య నవ్వాడు.

"పక్కలో బిడ్డ దొర్లితే మనం జరిగి పడుకోమా సారూ? ఇదీ అంతే గదా."

మల్లికార్జున వచ్చిననాటికి చేను ఇంటికి యాభై బారల దూరంలో ఉంది. మాఘమాసానికి పెరటి కంచె దాకా వచ్చేసింది. పిచ్చమ్మ మంచం మీద నుంచే చెయ్యి చాపి కందికాయలు తెంపుకునేది.

"ఎంత దూరమని రాయమంటావవ్వా?"

"నేను పిలిస్తే దానికి ఇనపడేంత దూరమని రాయి నాయనా."

అతను ప్రొఫెసరు గారికి జాబు రాశాడు. జవాబు వారంలో వచ్చింది. 'నడిచే చేలు మా వైపూ ఉన్నాయి. అదేమీ ఇబ్బంది కాదు. గడిలో ఒక అంకె పడాలి, సగటు తీసి వెయ్యి. లెక్చరరు పోస్టుకి మార్చి పదిన ఇంటర్వ్యూ. పుస్తకం పూర్తి చేసుకుని రా. నువ్వు రాకపోతే ఇంకొకరికి పోతుంది.'

మల్లికార్జున ఆ జాబు నాలుగుసార్లు చదువుకున్నాడు. చదువుకున్నన్నాళ్ళూ కలగన్నది ఆ పోస్టు గురించే.

ఫిబ్రవరి మూడో వారంలో, ఒక మధ్యాహ్నం, కందిపప్పు చెరుగుతూ చెరుగుతూనే పిచ్చమ్మ కన్నుమూసింది. పిల్లలు లేరు. మరిది కొడుకు రాజమోహన్‌కి ఆత్మకూరులో ఇనుప సామాన్ల అంగడి ఉంది. అతనికి కబురెళ్ళింది. చేను ఇక పెరట్లోనే నిలిచిపోతుందని ఊరంతా అనుకుంది. మూడో రోజు పొద్దున చూస్తే అది ఇంటికి వీపు పెట్టి తూర్పుగా తిరిగి ఉంది.

ఈసారి నడక మునుపటిది కాదు. రోజుకి ముప్పై బారలు. మల్లికార్జున కొలత గొలుసు పట్టుకుని పక్కనే నడవాల్సి వచ్చింది.

రాజమోహన్ బస్సు దిగి నేరుగా పెరట్లోకి పోయాడు. అక్కడ రోశయ్య ఉలవ చేను కనబడింది.

"చేనేది?"

"చెరువు కట్ట కింద పాలెం దోవ పట్టింది సామీ," అన్నాడు రోశయ్య.

ఎనిమిదో రోజు అది ఆగింది. వెంగమ్మ గుడిసె ముందు, వాకిలికి ఆనుకుని ఆగింది. వెంగమ్మ పాలెంలో కూలి మనిషి. మొగుడు చెరువులో చేపలు పడతాడు. ఇరవై ఏళ్ళుగా పిచ్చమ్మ చేలో పని చేసింది ఆమే. కానీ సెంటు భూమి లేని మనిషి కాబట్టి మల్లికార్జున దగ్గర ఆమెకి ఫారమే లేదు.

చేని వెంట వచ్చిన జనాన్ని చూసి వెంగమ్మ రెండు చేతులూ జోడించింది. "నేను పిలవలేదయ్యా! నా బిడ్డల మీద ఒట్టు. దొంగతనం గట్టొద్దండి నాకు."

"ఎవరూ ఏమీ అనలేదులే," అన్నాడు రాజమోహన్. "రక్తసంబంధం నాది. నేనీడ ఉండానని దానికి తెలియదు. తెలిస్తే వస్తాది." గట్టు మీద మంచం వేయించుకుని కూచున్నాడు. అమ్మితే అంగడి పెద్దది చేసుకోవచ్చునని అతని ఆశ. ఎంత మొండివాడో అంత ఓపిక గలవాడు. రోజూ చేనితో మాట్లాడాడు, చిన్నప్పుడు సంక్రాంతి సెలవుల్లో ఆ చేలో తాను తేగలు కాల్చుకుని తిన్న సంగతి గుర్తు చేశాడు. చేను కదల్లేదు.

మార్చి ఎనిమిదిన మల్లికార్జున పెట్టె సర్దుకుని బస్సుకి బయల్దేరాడు. పాలెం దగ్గర వెంగమ్మ ఎదురొచ్చింది.

"పోతా ఉండావా సారూ?"

"పోవాల వెంగమ్మా. ఎల్లుండి ఇంటర్వ్యూ ఉండాది."

"పో నాయనా, మంచిది." రెండడుగులు వేసి ఆగింది. "ఆ సేలో ఎవరేం జేసినారో రాసుకున్నది నువ్వొక్కడివే. నేను సెప్తే ఎవరింటారు?"

బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చింది, ఆగింది, పోయింది. మల్లికార్జున పెట్టె మీద కూచుని దాని వెనక చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి పెట్టె భుజాన వేసుకుని గట్టు దగ్గరికి నడిచాడు.

"ఎనక్కి వచ్చినావేందయ్యా?" అన్నాడు రాజమోహన్.

"ఇది చదివి పోదామని."

నోటుపుస్తకం తెరిచి చదివాడు. కలుపు తీత, నలభై ఒక్క రోజులు, వెంగమ్మ. చెరువు మట్టి ఆరువందల తట్టలు, నెత్తిన మోసింది వెంగమ్మ. విత్తడం, కోత, నూర్పిడి, వెంగమ్మ. పిచ్చమ్మ మోకాళ్ళకి ఆముదం రాసింది, వెంగమ్మ. చివరిది ఫారంలో అడగనిది. ఎందుకు రాసుకున్నాడో అతనికే తెలియదు.

రాజమోహన్ నోటుపుస్తకం వైపు వంగి చూశాడు. "నా పేరు యాడన్నా ఉండాదా?"

"లేదు."

"పెద్దమ్మని కడసారి ఎప్పుడు చూసినానో నాకే గుర్తు లేదులే." మంచం దిగి గుడిసె దగ్గరికి పోయి, "దప్పికగా ఉండాది, నీళ్ళియ్యి వెంగమ్మా," అన్నాడు. ఆమె జంకుతూ చెంబు అందించింది. గుక్క తిప్పుకోకుండా తాగాడు. "మెడకి పలుపేసి ఆత్మకూరు తోలకపోదామంటే ఇదేమన్నా ఆవా? రేపు ఉదయగిరి రా, నీ పేరున రిజిస్ట్రీ చేయిస్తా."

తొలకరికి వెంగమ్మ తన చేలో వరిగ చల్లింది. ఇన్నేళ్ళూ పరాయి గట్ల మీద నిలబడి గంజి తాగిన మనిషి, ఆ పొద్దు తన గడప మీద కూచుని తాగింది. కాళ్ళు రెండూ చేలోనే ఉన్నాయి.

పుస్తకం పని మీద ఇంకా ఊళ్ళోనే ఉన్న మల్లికార్జునకి ప్రొఫెసరు గారి జాబు అప్పుడే వచ్చింది. లెక్చరరు పోస్టు ఇంకొకరికి పోయింది. ఆత్మకూరులో కొత్తగా బ్లాకు ఆఫీసు పెడుతున్నారు, వ్యవసాయం చూసే ఉద్యోగం ఉంది, చిన్నదే, వెళతావా అని అడిగారు.

"ఏం రాసినారు?" అంది వెంగమ్మ.

చెప్పాడు.

"మా వల్ల నీ ఉజ్జోగం పాయె."

"పోలేదు వెంగమ్మా. ఆత్మకూరుకి మారింది, అంతే."

అలా అన్నాడే గానీ, మడిచిన ఆ జాబు మళ్ళీ విప్పి మొదటి వాక్యం ఇంకోసారి చదువుకున్నాడు. వెంగమ్మ చూసింది. గంజి ఇంకో ముంతలో పోసి అతని ముందు పెట్టింది.

ఆత్మకూరు ఆఫీసులో చేరిన మూడో రోజు, వేరుశనగ విత్తనాల కోసం ఒక ముసలి రైతు పద్దెనిమిది మైళ్ళు నడిచి వచ్చాడు. ఇంకా సరుకు రాలేదని గుమాస్తా అంటే అలాగే మెట్ల మీద కూలబడ్డాడు. మల్లికార్జున ఆయన్ని లోపలికి తీసుకొచ్చి తన కుర్చీలో కూచోబెట్టి, ఏ ఊరో, ఇల్లెక్కడో అడిగి రాసుకున్నాడు. నాలుగు రోజులకి విత్తనాల మూట సైకిలు వెనక కట్టుకుని తానే బయల్దేరాడు.

ఆ తరవాత ఆఫీసులో ఆ కుర్చీ ఎక్కువగా ఖాళీగానే ఉండేది.