గీత దాకా ఆయిల్

నాన్న పెట్రోలు ట్యాంకులో ఇంజన్ ఆయిల్ పోస్తూ దొరికిపోయిన రోజున, బుజ్జి షెడ్డుకి తాళం వేసి తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంది. ముప్పై ఏళ్లు లేతు మిషను మీద పనిచేసిన మనిషి, ఎక్కడ ఏది పోయాలో కూడా మరిచిపోయాడంటే ఇక చెప్పేదేముంది! పక్షవాతంతో మాట పడిపోయింది చాలదన్నట్టు ఇప్పుడు బుర్ర కూడానా అని ఆమె గుండె చెరువైపోయింది. కారు నేర్పిందీ, స్పానరు పట్టించిందీ ఆయనే మరి.

ఆయన మాత్రం రోజూ షెడ్డు ముందు స్టూలు వేసుకుని తాళం వంక చూస్తూ కూర్చునేవాడు.

"అలా గుడ్లప్పగించి చూస్తే తలుపు తెరుచుకుంటుందా?" అని అమ్మ కసిరేది. కసిరి, ఆయన మెడకి మఫ్లరు చుట్టి మరీ వెళ్లేది.

లోపలున్నది రోటరీ ఇంజన్ కారు. పిస్టన్ల బదులు మూడు మూలల రోటరు గిర్రున తిరుగుతుంది. దాని మూలల్లోని సీళ్లు అరగకుండా ఓ చిన్న పంపు చుక్కచుక్కగా ఆయిల్ అందిస్తుంది. ఆ ఆయిల్ కాలి తగ్గిపోవాల్సిందే. ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ ఎప్పుడూ నిండుగా ఉంటే, నాన్న పోస్తున్నాడులే అనుకునేది బుజ్జి. తాళం వేసి పదిరోజులైంది, ఆ ట్యాంకు పెట్రోలు మీదే కారు రోజూ కాస్త తిరిగింది. ఆదివారం చూస్తే ఆయిల్ వెంట్రుకవాసి కూడా దిగలేదు. అంటే పంపు చుక్క కూడా అందించడం లేదన్నమాట.

కొత్త పంపు తెప్పించి, పాతది విప్పింది. ఇరుసు బిగుసుకుపోయి కదలనంటోంది. సన్నటి గొట్టాలు ఎప్పుడో ఎండిపోయాయి. ఇన్నాళ్లూ ఆయిల్ లేకుండా తిరిగితే సీళ్లు ఉంటాయా? భయంభయంగా ప్లగ్గు తీసి, లోపలి ఒత్తిడి కొలిచే గేజి బిగించి ఇంజన్ తిప్పింది. ముల్లు రోటరు మూడు ముఖాలకీ సమానంగా, బలంగా లేచింది. ఇంజన్ నిక్షేపంలా ఉంది.

ఎలా? అరలో నాన్న వాడే రేకు కప్పు కనిపించింది. లోపలివైపు, లేతు పనిముట్టుతో గీసిన సన్నటి గీత ఒకటి ఉంది. ట్యాంకు నింపినప్పుడల్లా సరిగ్గా అంత ఆయిల్, పెట్రోలుతో కలిసి సీళ్లకి చేరేది. పంపు చచ్చిపోయిందని చెప్పడానికి నోరు రాక, పంపు చేయాల్సిన పని ఆయనే చేస్తూ వచ్చాడు.

దొరికిపోయిన రోజున తన చెయ్యి పట్టుకుని బానెట్ దగ్గరికి లాగాడు కూడా. తనే విదిలించుకుంది. బుజ్జికి ఏడుపు ఆగలేదు. అలాగే బయటికి వచ్చి స్టూలు ముందు గొంతుక్కూర్చుంది.

"పంపు పోయిందని నీకు తెలుసు కదూ నాన్నా?"

ఆయన తలూపాడు. "చె... చెప్..."

"చెప్పావు. నేనే వినలేదు."

ఆయన తన మఫ్లరు కొసతో ఆమె ముక్కు తుడిచాడు, చిన్నప్పటిలాగే.

కొత్త పంపు ఇద్దరూ కలిసి బిగించారు. కానీ గొట్టాల్లో ఆయిల్ నిండి పంపు పని అందుకునేదాకా సీళ్లకి ఆయిల్ కావాలి కదా. బుజ్జి కప్పు ఆయన చేతిలో పెట్టింది.

"ఈ ట్యాంకుకి కూడా నువ్వే పొయ్యాలి."

చెయ్యి వణికింది. బుజ్జి పట్టుకోలేదు. గీత దాకా నింపి, చుక్క ఒలక్కుండా పోశాడు. అప్పుడామె తాళంచెవి ఆయన జేబులో వేసింది.

ఆయన దాన్ని తడిమి చూసుకుని బయటికి నడిచాడు. స్టూలు ఎత్తుకొచ్చి లోపల, తన పాత చోట వేసుకున్నాడు.