పోస్తే నిలవని నీళ్ళు

గుంటలో పోసిన నీళ్ళు చూస్తుండగానే ఇంకిపోయాయి. వసంతలక్ష్మి ఖాళీ బకెట్టు గడ్డిలో బోర్లించి, చేతులు దులుపుకుని, "చూశావుగా కామేశ్వరీ. నిలవలేదు. ఈ నేల మనకొద్దు," అంది.

ఈ మాట వినడానికి కామేశ్వరి నోవై నుంచి ముప్పావుగంట కారు నడుపుకుంటూ రాలేదు. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళే. డెట్రాయిట్‌లో ఒకే ఆస్పత్రిలో పనిచేసి రిటైరయ్యారు. కామేశ్వరి పాథాలజిస్టు, వసంత ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టరు. ఇద్దరి భర్తలూ పోయారు. కామేశ్వరికి మిగిలిన కోరిక ఒక్కటే. ఈ రెండున్నర ఎకరాలు కొని, ఓ చిన్న ఇల్లు కట్టి, వసంతతో కలిసి ఉండాలి. వసంత రానంటే ఈ నేల ఆమెకూ అక్కర్లేదు. ఒంటరిగా ఉండడానికైతే ఇప్పుడున్న ఇల్లే ఎక్కువ.

వసంత రానని ఎన్నడూ అనలేదు. ఒక షరతు మాత్రం పెట్టింది. ఇల్లు కట్టే చోట మూరెడు గుంట తవ్వాలి, నిండా నీళ్ళు పోయాలి, కొంతదూరం నడిచి వెనక్కి రావాలి. వచ్చేసరికి నీళ్ళు నిలిచి ఉంటే ఆ ఇంట్లో అన్నీ నిలుస్తాయి, లేకపోతే ఏదీ నిలవదు. వాళ్ళ తాతగారు ఈ పరీక్ష చేయందే పశువుల పాక కూడా వేయలేదట. ఇక్కడ చూస్తే నడక మొదలుపెట్టేలోపే గుంట పొడిబారింది.

తమాషా ఏమిటంటే కౌంటీవాళ్ళది సరిగ్గా దీనికి ఎదురు లెక్క. అక్కడ మురుగు లైన్లు లేవు. ఇంట్లో వాడిన నీళ్ళన్నీ ఆ నేలే తాగాలి. తాగకపోతే పర్మిట్ ఇవ్వరు. నీళ్ళు నిలిస్తే ఇల్లు లేదు, నిలవకపోతే వసంత లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అని కామేశ్వరి లోలోపల సణుక్కుంది. నోరారా తిట్టుకుందామంటే పక్కన ఉన్నది స్నేహితురాలాయె.

తిరిగి కారు దగ్గరికి వస్తుంటే ఆమె కాలికి ఏదో తగిలింది. ఎండిన గడ్డి మధ్య మట్టితో కట్టిన చిన్న గొట్టం, జానెడు కూడా లేదు, నడిమిన రంధ్రం. ఉసిరికాయలంత మట్టి ఉండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంది. కామేశ్వరి వంగి ఓ ఉండ తుంచింది. చుట్టూ ఉన్నదేమో పసుపురంగు ఇసుక, పిడికిట్లో పట్టుకుంటే జారిపోయేది. ఈ ఉండ మాత్రం బూడిదరంగులో ఉంది, గట్టి బంక.

"పాము పుట్టేమో, చెయ్యి పెట్టకు," అంది వసంత.

"పాము ఉండలు చేస్తుందా? ఇసుకలో ఈ బంకమట్టి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నీకెందుకే ఆ గొడవ. వద్దనుకున్నాంగా."

వద్దనుకున్నది వసంత. కామేశ్వరి ఆ ఉండని టిష్యూ పేపర్లో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

ఆమెకు ఒక ప్రశ్న దొరికిందంటే అన్నం సహించదు. తీగ లాగిందంటే డొంక కదిలేదాకా ఊరుకునే రకం కాదు. ఇంటికి వెళ్ళగానే బేస్‌మెంట్‌లో ఉన్న పాత మైక్రోస్కోపు దుమ్ము తుడిచింది. ఉండని నీళ్ళలో కలిపి అద్దంమీద వేసి చూస్తే ఇసుక రేణువులు అక్కడొకటి ఇక్కడొకటి, మిగతాదంతా మెత్తని మట్టి. ఇంటర్నెట్‌లో వెతికితే ఆ గొట్టం కట్టింది రొయ్యలాంటి ఓ ప్రాణి అని తేలింది. అది నీళ్ళలో బతికే జీవి. నీళ్ళు అందేదాకా నేలను తవ్వుకుంటూ పోయి, కింది మట్టిని ఉండలు చేసి పైకి తెచ్చి పెడుతుంది. అంటే ఒక బకెట్టు నీళ్ళని క్షణంలో మింగిన ఆ ఇసుక కిందే నీళ్ళున్నాయి. కామేశ్వరి ఆ రాత్రి భోజనం చేయడం మర్చిపోయింది.

అక్టోబరులో కౌంటీ రిపోర్టు కోసం మట్టి పరీక్షలు చేసే అమ్మాయిని పిలిచింది. పేరు బిందుమాధవి, పుట్టి పెరిగింది అమెరికాలోనే, క్యారీలో. మోకాళ్ళదాకా బూట్లు, చేతిలో చిన్న తాపీ. యంత్రంతో ఆరడుగుల గొయ్యి తీయించి నిచ్చెన మీద దిగింది. కామేశ్వరి కూడా దిగుతానంటే వద్దని చెప్పడానికి ఆ పిల్లకు తెలుగు చాల్లేదు.

"ఆంటీ, టాప్‌లో బ్లాక్ చూడండి. అది గ్రాస్ రూట్స్. చాలా వేల ఇయర్స్ గడ్డి పెరిగి, చచ్చిపోయి, అలా అయింది. దాని కింద సాండ్. ఇది పాత లేక్ బీచ్."

"ఇక్కడ చెరువెక్కడిది?"

"ఐస్ మెల్ట్ అయినప్పుడు వచ్చింది. పెద్ద లేక్. ఇప్పుడు లేదు." బిందు తాపీతో ఇంకా కింద గీకింది. అక్కడ గోడ బూడిదరంగుకు తిరిగింది. అందులో చిన్నవీ పెద్దవీ రకరకాల రాళ్ళు ఇరుక్కుని ఉన్నాయి. "ఇది టిల్. ఐస్ మైల్ మందం ఉండేది కదా, అది కెనడా నుంచి అన్నీ తోసుకొచ్చింది. క్లే, సాండ్, రాక్స్, అన్నీ మిక్స్ చేసి ఇక్కడ ప్రెస్ చేసింది. వాటర్ దీంట్లోకి వెళ్ళదు. సాండ్‌లోనే కూర్చుంటుంది."

కామేశ్వరి ఒక రాయిని పీకి చూసింది. గులాబిరంగు రాయి, ఓ పక్క అరగదీసినట్టు నున్నగా ఉంది. ఎక్కడి రాయి ఎక్కడికొచ్చి పడింది అనుకుంది. ఆమె కళ్ళు మళ్ళీ ఇసుక గోడమీదికి పోయాయి. మోకాలి లోతునుంచే అక్కడక్కడా తుప్పురంగు మచ్చలున్నాయి. స్లైడు మీద జబ్బు మచ్చల్ని వెతికిన కళ్ళవి, ఊరుకుంటాయా?

"ఈ మచ్చలేమిటి?"

"వావ్, మీరు చూశారు. ఐరన్. వాటర్ వచ్చి పోతే ఇలా అవుతుంది. ఎవ్రీ స్ప్రింగ్‌లో వాటర్ ఇక్కడిదాకా వస్తుంది. సమ్మర్‌లో పోతుంది. మట్టి మర్చిపోదు ఆంటీ."

ఇల్లు కట్టొచ్చనీ, మురుగునీటి గొట్టాలకు మాత్రం బయటినుంచి ఇసుక తెచ్చి ఎత్తుగా దిబ్బ పోయాలనీ బిందు రాసిచ్చింది. కౌంటీ ఒప్పుకుంది. పొలం యజమాని నిదానస్తుడు, ఏప్రిల్ ఆఖరుదాకా ఆగుతానన్నాడు. ఇక మిగిలింది వసంత ఒక్కతే.

అప్పుడు కామేశ్వరికి ఓ దుర్బుద్ధి పుట్టింది. ఏప్రిల్‌లో తవ్వితే నీళ్ళు నిలుస్తాయి. నిలవక చస్తాయా, కింద టిల్ ఉందాయె. వసంత కళ్ళారా చూస్తుంది, వస్తుంది. ఎందుకు నిలిచాయో చెప్పకపోతే సరి. శీతాకాలమంతా మంచు ఊడుస్తూ ఆమె ఈ ఆలోచనని మురిపెంగా పెంచుకుంది.

ఏప్రిల్‌లో ఇద్దరూ రబ్బరు బూట్లు వేసుకుని వెళ్ళారు. అడుగేస్తే కాలు చిత్తడిలో దిగబడుతోంది. కామేశ్వరి అదే చోట మూరెడు తవ్వి బకెట్టు కుమ్మరించింది. ఇద్దరూ రోడ్డుదాకా నడిచి వచ్చారు. నీళ్ళు అలాగే ఉన్నాయి, అంచుదాకా, మబ్బులు కనబడేంత నిశ్చలంగా.

కామేశ్వరి సిద్ధం చేసుకున్న మాట నాలుక చివర ఉంది. 'చూశావా, నిలిచాయి.' అంతే, అదొక్కటి అంటే చాలు. కానీ స్లైడులో లేనిది రిపోర్టులో రాసిన మనిషి కాదామె.

"వసంతా, ఇది శుభమూ కాదు, ఏమీ కాదు," అంది. "మంచు కరిగిన నీరు. కింద గట్టి మట్టి ఉంది, అది వదలదు. ఆగస్టుకి మళ్ళీ ఎండిపోతుంది. నాకు ముందే తెలుసు. నిన్ను మోసం చేద్దామనే ఇప్పుడు తీసుకొచ్చాను."

వసంత గుంట పక్కన మెల్లగా కూర్చుంది. దోసిలితో నీళ్ళు తీసి బయటికి చల్లింది. ఇసుక గోడల్లోంచి కొత్తనీరు సన్నగా ఊరి గుంట మళ్ళీ నిండింది.

"ఇది దొరువు కామేశ్వరీ."

"ఏమిటి?"

"మా వేటపాలెంలో వీటిని దొరువులంటారు. సముద్రం పక్కన ఇసుక చేలు. గొయ్యి తీస్తే చాలు, తియ్యటి నీళ్ళు ఊరేవి. కడవలతో ముంచి మొక్కలకి పోసేవాళ్ళం. పైనుంచి పోస్తే మాత్రం చుక్క నిలిచేది కాదు. నాకు ఆరేళ్ళప్పుడే తెలుసు ఆ సంగతి." ఆమె తల ఎత్తలేదు. "అందుకే మా తాతగారి పేరు చెప్పి పొయ్యమన్నాను. ఇది ఇసుక నేలని నువ్వు ఫోన్‌లో చెప్పిన రోజే ఆ షరతు పెట్టాను."

కామేశ్వరికి కోపం రావాలి. రాలేదు. ఆశ్చర్యం వచ్చింది. "ఎందుకే? రానని చెప్తే సరిపోయేదిగా."

"రావాలని ఉంది కాబట్టి." వసంత నీళ్ళలో వేళ్ళు ఆడించింది. "ఆయన పోయిన పొద్దున నేను కాఫీ పట్టుకెళ్ళి లేపాను. మళ్ళీ ఇంకోసారి అలా ఒకళ్ళని లేపే ఓపిక నాకు లేదు. నా అపార్ట్‌మెంట్‌లో ఒక్కదాన్నే ఉంటే ఎవర్నీ లేపక్కర్లేదు."

ఎక్కడో కప్పలు అరుస్తున్నాయి. కామేశ్వరి కూడా తడి గడ్డిలోనే చతికిలబడింది, చీర తడిసినా పట్టించుకోలేదు.

"నాకూ భయమేనే," అంది. "నన్ను లేపేవాళ్ళే లేరని నా భయం."

వసంత తడి చేతులు కామేశ్వరి చీరకొంగుకే తుడుచుకుంది.

"గదులకి లోపల్నుంచి గడియలు పెట్టించకు," అంది. "నీ గదికీ, నా గదికీ."

"పెట్టించను," అంది కామేశ్వరి.