ఆ ముక్కు ఎవరిది?

ఊహించుకుని చేసిన ఆడమనిషికి ముక్కు వంకరగా ఎందుకుంటుంది? కళ్ళద్దాలమ్మను ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టుకున్న అనుమానం ఇదే. పట్టుకున్నది మళ్ళీ వదల్లేదు.

ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. ఏళ్ళ తరబడి కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములు సరిచేసే పని చేస్తోంది కాబట్టి చిన్నాపెద్దా అందరికీ కళ్ళద్దాలమ్మే. షాపులోకి ఎవరొచ్చినా ఆమె ముందు ముక్కు దూలం చూస్తుంది, తర్వాత చెవులు చూస్తుంది, మనిషిని ఆఖరున చూస్తుంది. జనమంతా తమ మొహం రెండు పక్కలా సమానంగా ఉందనుకుంటారు, పాపం. ఎవరికీ ఉండదు. ఒక చెవి కాస్త కిందికుంటుంది, ఒక కన్ను కాస్త లోపలికుంటుంది. జోడు కాడను కొద్దిగా వేడిచేసి, అటో ఇటో వంచి, ఆ తేడా ఎదుటివాళ్ళకు కనిపించకుండా సర్దెయ్యడం ఆమె పని.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. భారీ మనిషి, గుబురు మీసం, ముక్కు మీద ఎప్పుడూ కళ్ళజోడు. మూగనోము పట్టినట్టుండే మనిషి. కూరలో ఉప్పు ఎక్కువైందా అని అడిగితే "ఊఁ" అంటాడు, తక్కువైందా అని అడిగినా "ఊఁ" అంటాడు. అలాంటివాడు ఈమధ్య ఒక పాత కంప్యూటరు కొని హాలు మూల పెట్టుకున్నాడు. అందులో ఒక ఆట. కొండలు, అడవులు, ఊళ్ళు, సంతలు, దేశమంత పెద్ద ఆట. అందులోకి అడుగుపెట్టే ముందు మనకు మనమే ఒక మనిషిని తయారుచేసుకుని, ఆ మనిషిగా తిరగాలి. ఆయన ఆడమనిషిని చేసుకున్నాడు.

మొదట్లో కళ్ళద్దాలమ్మ పట్టించుకోలేదు. తాగుడు లేదు, పేకాట లేదు, బొమ్మతో ఆడుకుంటే ఆడుకోనీ అనుకుంది. కానీ ఆ ఆదివారం టీ పట్టుకెళ్ళేసరికి తెర నిండా ఒక ఆడదాని మొహం ఉంది, పళ్ళెమంత. దాని పక్కన వరసగా గీతలు. ఒక గీత మీది గుండీ జరిపితే గడ్డం సన్నబడుతుంది, ఇంకోటి జరిపితే కనుబొమ పైకి లేస్తుంది. ఆయన ముక్కు దగ్గరున్నాడు. ఒక వెంట్రుకవాసి ఎడమకు జరిపాడు, తల వెనక్కి పెట్టి చూశాడు, మళ్ళీ వెంట్రుకవాసి జరిపాడు. గోడకు మేకు కొట్టమని ఆమె ఆర్నెల్లుగా మొత్తుకుంటుంటే చెవిన పెట్టని మనిషి, ఒక బొమ్మ ముక్కు కోసం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు.

"ఎవరండీ ఈవిడ?" అంది.

"ఎవరూ కాదు."

"ఎవరూ కాకపోతే ఆ ముక్కెందుకు అలా వంచుతున్నారు?"

"ఊరికే," అని తెర మూసేశాడు.

ఆ మూసెయ్యడంతోనే వచ్చింది చిక్కంతా. మూయకుండా ఉంటే టీ ఇచ్చేసి వెళ్ళిపోయేది.

మర్నాడు షాపులో కళ్ళు పరీక్ష చేసే ఆవిడను కదిపింది. ఆవిడకు ఈ ఆటల సంగతి కొట్టిన పిండి. "మగాళ్ళు చాలామంది అందులో ఆడమనిషినే తీసుకుంటారక్కా. మా ఆయనా అంతే. గంటలకొద్దీ వెనకనుంచి చూస్తూ కూర్చోవాలి కదా, మగాడి వీపు ఏం చూస్తాంలే అంటాడు," అని నవ్వింది.

"అయితే మీ ఆయన చేసిన ఆవిడ ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటుంది? ఇంతింత కళ్ళు, ఇంత నడుము. దానికి దగ్గొస్తే రెండు ముక్కలవుతుంది."

"ముక్కు?"

"సూటిగా ఉంటుంది. చేతిలో పనేగా అక్కా, వంకర ఎవరు పెట్టుకుంటారు?"

ఆ మాటతో కళ్ళద్దాలమ్మ చేతిలో ఫ్రేము పక్కన పెట్టేసింది. నిజమే. లేని మనిషిని చేసుకునేవాడు అందంగానే చేసుకుంటాడు. కుడి కనుబొమ కాస్త పైకి, ముక్కు దూలం మీద చిన్న బొడిపె, అక్కణ్ణుంచి ఎడమకు వాలు. ఇవన్నీ ఊహలో పుట్టేవి కావు. ఎవరినో చూసి, బాగా దగ్గర్నుంచి చూసి, గుర్తుపెట్టుకుని చేసినవి. అంటే ఆ మొహం ఉన్న మనిషి ఎక్కడో ఉంది. అన్నం తింటోంది, రోడ్డు మీద నడుస్తోంది, బహుశా లిఫ్టు ఎక్కుతోంది.

ఇక ఆరా మొదలైంది. ఆయన ఆడుతున్నప్పుడు బట్టలు మడతపెట్టే వంకతో వెనక చేరేది. ఆ బొమ్మ ఆవిడ నీలం శాలువా కప్పుకుని తిరుగుతుంది. ఆ నీలం ఎంచడానికి ఆయనకు ఒక సాయంత్రం పట్టింది. పొద్దున పెళ్ళాం ఏ రంగు వేసుకుని పనికెళ్ళిందో అడిగితే మాత్రం చెప్పలేడు. అంతకంటే కడుపు మండించిన సంగతి ఇంకొకటుంది. ఆ లోకంలో ఎక్కడెక్కడివాళ్ళో ఎదురవుతారు, టైపు చేసి మాట్లాడుకోవచ్చు. ఆయన భుజం మీదుగా ఒకసారి చదివింది. "అలిసిపోయావా? ఈ చెట్టుకింద కాసేపు కూర్చుందాం. నువ్వు చెబుతూ ఉండు, నేను వింటాను," అని ముక్కూమొహం తెలియని ఎవరితోనో అంటోంది ఆ నీలం శాలువా. అన్ని మాటలు ఆ వేళ్ళలోంచి రావడం కళ్ళద్దాలమ్మ పెళ్ళయ్యాక అదే మొదటిసారి చూడటం. ఆ మనిషి ఎలా మాట్లాడుతుందో కూడా నేర్చుకొచ్చాడన్నమాట అనుకుంది.

తలుపు చాటునుంచి ఫోనులో ఆ మొహం ఫోటో తీసి, రెండు వీధుల అవతల టైలరింగ్ షాపు నడిపే ఆడపడుచుకు చూపించింది. ఆయనకు అక్క, ఈమెకు వదిన. అనుమానం విషయంలో వదినకు ఎవరూ ఆజ్యం పొయ్యక్కర్లేదు, దుకాణంలో ఎప్పుడూ నిల్వ ఉంటుంది. కత్తెర పక్కన పెట్టి ఫోను అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఈ మొహం నేనెక్కడో చూశానే," అంది.

"ఎక్కడ వదినా?"

"అదే గుర్తు రావట్లేదు. బాగా తెలిసిన మొహమే. చాలాసార్లు చూశాను. నా దగ్గర కుట్టించుకున్న మనిషేనేమో."

"అయితే ఈ చుట్టుపక్కలే ఉందన్నమాట."

"వీడు ఈమధ్య ఏ బిల్డింగుకి ఎక్కువ వెళ్తున్నాడు?"

పళ్ళ డాక్టరు ఉండే బిల్డింగు. ఆ లిఫ్టు వారంలో రెండుసార్లు ఆగిపోతుంది, రెండుసార్లూ ఈయనే వెళ్తాడు. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఆ ఆస్పత్రి ముందుగదిలో కూర్చునే అమ్మాయి సంగతి వదినకు తెలుసు, ఎప్పుడూ తల వంచుకునే ఉంటుందట. "తల ఎత్తనివాళ్ళనే నమ్మకూడదమ్మా," అంది వదిన.

కళ్ళద్దాలమ్మ లేని పన్నునొప్పి తెచ్చుకుని వెళ్ళింది. ఆ అమ్మాయికి అదృష్టం కొద్దీ కళ్ళజోడు ఉంది. "జోడు జారుతోందమ్మా, నేను సరిచేస్తాను, అది నా పనే," అని చనువుగా తీసేసి, మొహం రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అమ్మాయి బిత్తరపోయింది. ముక్కు గీత గీసినట్టు సూటిగా ఉంది. కనుబొమలు రెండూ సమానం. ఈమె కాదు.

కాదని తేలితే ఊరట కలగాలి కదా. కలగలేదు. ఈమె కాకపోతే ఇంకెవరు అన్నది ఇంకా పెద్దదై కూర్చుంది. బస్సులో ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళ ముక్కులన్నీ చూసుకుంటూ ఇంటికొచ్చింది. ఒకావిడ కోపమొచ్చి సీటు మారింది. ఆ రోజుల్లో కళ్ళద్దాలమ్మ ఎలా ఉండేదంటే, షాపులో అరవై ఏళ్ళ ముసలావిడ ముక్కు కొంచెం ఎడమకు వాలి ఉంటే, ఆవిడను కూడా మీ ఇంటికి లిఫ్టుందా అని అడిగింది.

నవ్వులాటగా చెప్పుకుంటున్నాం గానీ, లోపల ఆమె కుమిలిపోతోంది. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆయన మాట్లాడడు సరే, కానీ తనవాడు అన్న ధైర్యంతో ఇన్నేళ్ళు ఆ మౌనాన్ని మోసింది. ఆ ధైర్యం కూడా లేకపోతే ఆ ఇంట్లో ఆమెకు మిగిలేది రెండు గదులు, వంటసామాను.

ఆపైన వచ్చిన ఆదివారం ఇక ఆగలేదు. ఆయన తెర ముందు కూర్చోగానే కుర్చీ పక్కకొచ్చి నిలబడింది.

"ఆవిడ ఎవరో చెప్పండి. నేనేం గోల చెయ్యను. ఎవరో తెలిస్తే చాలు."

"చెప్పాను కదా. ఎవరూ కాదు."

"మీ అక్క కూడా ఎక్కడో చూశానంటోంది."

ఆయన మొహంలో రంగు మారింది. "అక్కకి చూపించావా?"

ఆ భయం చూశాక ఆమెకు ఇక సందేహం లేకపోయింది. "చూపిస్తాను. ఊరంతా చూపిస్తాను. లేదా ఇప్పుడే, నా కళ్ళముందే దాన్ని తీసెయ్యండి. ఈ ఇంట్లో అదుండాలి, లేదా నేనుండాలి."

బతిమాలతాడని, పోట్లాడతాడని అనుకుంది. ఆయన మౌసు అందుకున్నాడు. ఎక్కడో నొక్కాడు. కొండలూ ఊళ్ళూ పోయి, నల్లటి తెర మీద ఆ నీలం శాలువా ఆవిడ ఒక్కతే మిగిలింది. కింద రెండు వరుసలు. ఈ మనిషిని తీసెయ్యాలా? తీసేస్తే మళ్ళీ తిరిగి రాదు. ఆ పక్కన అవును, కాదు. ఆయన చెయ్యి అవును దాకా వెళ్ళి అక్కడ ఆగింది. 

తెర మీది మొహం మెల్లగా కుడికి తిరుగుతోంది, ఎడమకు తిరుగుతోంది. షాపులో ఎత్తు కుర్చీ మీద కూర్చోబెట్టిన మనిషిలా ఉంది. ఇన్నాళ్ళూ ఆమె ఆ మొహాన్ని సవతిని చూసినట్టు చూసింది. ఇప్పుడు తనకు తెలియకుండానే పనిలో ఉన్నట్టు చూసింది. ఈ మొహానికి ఫ్రేము పెట్టాలంటే కుడి కాడ కాస్త పైకెత్తాలి. ఎడమవైపు ముక్కు మీద ఆనే చిన్న దిండును లోపలికి నొక్కాలి, అప్పుడు ముక్కు వంకర బయటికి కనిపించదు. ఇలా ఎవరికో చేశానే అనుకుంది. ఒకసారి కాదు, చాలాసార్లు చేసింది. మొన్న కూడా చేసింది, ఈ హాల్లోనే, ఈ కుర్చీ దగ్గరే.

కళ్ళద్దాలమ్మ చెయ్యి చాచి భర్త ముక్కు మీది జోడు తీసింది. అరచేత్తో ఆయన మీసాన్ని మూసింది. ఆయన కదల్లేదు. తెర వైపు చూసింది, మళ్ళీ ఆయన వైపు చూసింది.

ఇద్దరికీ ఒకటే ముక్కు.

ఆ వంకర కనిపించకుండా ఇన్నేళ్ళూ జోడు వంచి సర్దింది ఆమే. సర్ది సర్ది తనే మరిచిపోయింది. ఊరందరి ముక్కులూ వెతికింది గానీ ఇంట్లో ముక్కు వైపు చూడలేదు, ఎందుకంటే ఆమె వెతికింది ఆడదాని కోసం.

"ఆగండి," అంది.

ఆయన చెయ్యి ఇంకా అవును మీదే ఉంది. ఆమె ఆ చేతిని పట్టుకుని వెనక్కి తీసింది.

ఆయనే నోరు విప్పాడు. "మొదటిరోజు సరదాకి చేశాను. నేనే ఆడపిల్లగా పుట్టుంటే ఎలా ఉండేవాణ్ణో చూద్దామని. అయ్యాక చూస్తే... మూసెయ్యబుద్ధి కాలేదు."

ఇంకో ఆడది ఉండి ఉంటే ఏం చెయ్యాలో కళ్ళద్దాలమ్మకు తెలుసు. ఏమని తిట్టాలో, ఎవరింటికి వెళ్ళి కూర్చోవాలో అన్నీ అనుకునే ఉంది. దీనికి ఏం చెయ్యాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇంకో ఆడది లేదన్న సంతోషం ఒక్క క్షణం కలిగింది. ఆ వెంటనే అంతకుముందు ఎరగని భయం వేసింది.

"ఆవిడగా ఉంటే బాగుంటుందా?" అంది.

"బాగుంటుంది."

"ఇక్కడికంటేనా?"

ఆయన జోడు లేని కళ్ళతో ఆమె వైపు చూశాడు. సరిగ్గా కనిపిస్తోందో లేదో. "అక్కడ నేను బాగుంటాను. ఇక్కడ నువ్వుంటావు. రెండూ ఒకచోట లేవు," అన్నాడు.

ఇంత పెద్ద మాట ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఆయన తుడవబోయి, తుడవొచ్చో కూడదో తెలియనట్టు చెయ్యి గాల్లో ఆపాడు. ఆ చెయ్యి తనే తీసుకుని చెంపకు పెట్టుకుంది.

అంతలో ఫోను మోగింది. వదిన.

"ఏమ్మా, అడిగావా? ఎవరో తేలిందా?"

కళ్ళద్దాలమ్మ భర్త వైపు చూసింది. ఆయన తల వంచుకుని నేల చూస్తున్నాడు. ఆ భారీ మనిషి మెడ వెనక భాగం చిన్నపిల్ల మెడలా కనిపించింది.

"ఎవరూ లేరు వదినా. ఆట కంపెనీవాళ్ళు అందరికీ ఇచ్చే మొహమేనట."

 వదినను మోసం చెయ్యడం అంత తేలిక కాదు.

"నాకెందుకో నమ్మకం కుదరట్లేదు. నీ గొంతు వేరేగా ఉంది. నువ్వేదో దాస్తున్నావు నా దగ్గర."

"అవును వదినా, దాస్తున్నాను," అని కళ్ళద్దాలమ్మ ఫోను పెట్టేసింది.