దొర ముందు చాపిన కాళ్లు

తూకం షెడ్డు దగ్గర ఇరులాయి ఆకు బుట్ట దించి, బూటు విప్పింది. బూటులోంచి నెత్తురు ఒలికింది. కొమ్మలు నరికిన తేయాకు మోడు ముక్క ఒకటి బూటు అడుగును చీల్చుకుని అరికాల్లో దిగి, అక్కడే విరిగిపోయి ఉంది. దానిమీదే పొద్దుటినుంచి కొండ ఎక్కి దిగింది.

"నొప్పి తెలీలేదా అక్కా?" అన్నాను.

"తెలిస్తే ఆగనా, చిన్నపొన్నూ?"

వానాకాలం జలగలు పట్టకుండా కాళ్లకు సున్నం, పొగాకు కలిపి పూసుకుంటాం. పగుళ్లలో మంటకు మేం గెంతుతుంటే ఇరులాయి కదలకుండా నిలబడేది. "నీవి కాళ్లా, గడ్డపారలా?" అని వెక్కిరించేవాళ్లం, లోపల కుళ్లుకునేవాళ్లం. ఆ మంట తెలియకపోవడమే జబ్బని మాకెవరూ చెప్పలేదు.

తోట ఆసుపత్రిలో కాంపౌండరు ముక్కు మూసుకున్నాడు.

"షుగరు పెట్టుకుని బెల్లం మెక్కితే ఇంతే. నోరు కట్టుకోరు, మళ్లీ ఇక్కడికొచ్చి ఏడుస్తారు."

"ఏం తినాలో, ఏం చూసుకోవాలో చెప్పండయ్యా," అంది ఇరులాయి.

"చెప్తే మీ బుర్రకెక్కుతుందా? మాత్రలు తీసుకుని పో."

వరుసలో ఉన్న ఆడవాళ్లందరం నేల చూశాం. అవే మాత్రలు నా రవికెలోనూ ఉన్నాయి. మేముండే కూలీల లైన్లలో షుగరంటే తిండిపోతు రోగం. నా మొగుడికి కూడా చెప్పలేదు.

పొల్లాచ్చి పెద్దాసుపత్రిలో ఇరులాయికి రెండు కాలివేళ్లు తీసేశారు. పుండు మానకపోతే పాదం తీస్తామన్నారు. పాదం పోతే పని పోతుంది. పని పోతే తోటవాళ్లిచ్చిన ఇల్లు పోతుంది.

తోట ఆఫీసర్ల క్లబ్బు ఊడ్చే సడైచ్చి కుళాయి దగ్గర ఒక సంగతి బయటపెట్టింది.

"నెలకో ఆదివారం కోయంబత్తూరు నించి క్లబ్బుకి నర్సమ్మ వస్తదే. ఆఫీసోళ్ల పెళ్లాలకి పాఠం చెప్తది. ఏం తినాలో, చెమట్లు పోసి కళ్లు తిరిగితే ఏం చెయ్యాలో. అరికాళ్లు చూసుకోమని అద్దాలు గూడా ఇచ్చింది."

"మరి మనకెందుకు చెప్పరంట?" అందొకామె.

"నోరు మూసుకోండే," అంది మూకాయి. "అడిగితే షుగరున్నట్టు ఊరంతా తెలీదూ? నా కూతురికి సంబంధాలు చూస్తున్నాం."

ఇరులాయి కర్ర ఊతంగా లేచింది. "సిగ్గుపడి దాచుకున్నందుకు నా వేళ్లు పోయాయి. నువ్వేం పోగొట్టుకుందామని దాస్తున్నావే?"

నర్సమ్మ వచ్చే ఆదివారం మూడు లైన్ల ఆడవాళ్లం క్లబ్బు మెట్లెక్కాం. వెనకే మూకాయి కూడా వచ్చింది. తోట మేనేజరు దొర వరండాలోకి విసురుగా వచ్చాడు.

"ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని? ఇది మీకర్థమయ్యే క్లాసు కాదు. పొండి!"

మా చేతులు వాటంతటవే కట్టుకోబోయాయి. ఇరులాయి నేలమీద కూలబడింది. కట్టు విప్పి, కాలు దొర వైపు చాపింది.

దొర ముందు కాళ్లు చాపడం! మా తాతల నాటినుంచీ ఎరగం. సిగ్గుతో చెవులు మండిపోయాయి. అయినా కూర్చున్నాను. బూట్లు విప్పాను. సున్నపు మరకలు, పగుళ్లు, మొగుడికి కూడా చూపించని అరికాళ్లు. నా పక్కన సడైచ్చి. ఆ వెనక ఒకరి తర్వాత ఒకరు.

"కాళ్లు తియ్యండి! రేపట్నుంచి ఒక్కదానికీ పనుండదు!"

"మీ పనిలో పోయిన కాళ్లే దొరా. బాగా చూడండి," అంది ఇరులాయి.

నర్సమ్మ బయటికొచ్చింది. దొర వద్దంటున్నా వినకుండా మా ముందు కూర్చుంది. ఇరులాయి పుండు చూసి పెదవి కొరుక్కుంది. తర్వాత నా వైపు జరిగింది.

"కళ్లు మూసుకోమ్మా. దూదితో పాదం తాకుతాను. తాకగానే చెప్పు."

కళ్లు మూసుకుని కాచుకున్నాను. 

"ఇంకా తాకరేంటమ్మా?" అన్నాను.

సడైచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తాకిందే. ఎప్పుడో తాకింది."

కళ్లు తెరిచాను. పోలీసుల్ని తీసుకురమ్మని దొర డ్రైవరు మీద అరుస్తున్నాడు. నేను రవికెలోంచి మాత్రల పొట్లం తీసి, అందరికీ కనబడేలా ఒళ్లో పెట్టుకున్నాను. మూకాయి నా వంక చాలాసేపు చూసింది. తనూ రవికెలో చెయ్యి పెట్టింది. ఆ తర్వాత వరండా నిండా పొట్లాల గలగల.

"పాఠం మొదలుపెట్టమ్మా," అంది ఇరులాయి.

పోలీసు జీపు కొండెక్కుతున్న చప్పుడు వినబడింది. ఒక్క కాలూ ముడుచుకోలేదు.