కందిరీగను పంపిందెవరు

మా తమ్ముడు ఇసిద్రో డెబ్బై దాటాక పెళ్లికొడుకయ్యాడు. పెళ్లికూతురు రోటా దీవిలో ఉంటుంది. పేరు రూఫినా. ఇప్పటికే ఇద్దరు మొగుళ్లను సాగనంపిన మనిషి. సాయంత్రం విమానానికి వీడు వెళ్లిపోతే ఇక కాపురం అక్కడే. ఇక్కడ సైపాన్ దీవిలో మా ఇంట్లో నేనొక్కదాన్నే మిగులుతాను.

"ఒక్కసారి పార్కుకు వెళ్లొద్దాం అక్కా," అన్నాడు పొద్దున్నే.

కొండ కింద, తుప్పు పట్టిన ఫిరంగుల పక్కన, సముద్రం కనిపించే ఆ రెండో ప్రపంచ యుద్ధ స్మారక పార్కులోనే మా ఆదివారాలన్నీ గడిచాయి. నేను ఎర్రన్నం, నిమ్మరసం పిండిన కోడి కెలగ్వెన్ కట్టాను. మందుల సంచి, జపమాల, ఒక గొడుగు, అది విరిగితే ఇంకో గొడుగు కూడా పెట్టుకున్నాను. నిద్ర పట్టినప్పుడల్లా ఆ విమానం సముద్రంలో పడుతున్నట్టు కలలే వచ్చాయి మరి.

తిన్నాక ఇసిద్రో ఫిరంగి వెనక పొదల్లోకి నడిచాడు.

"అడిగి వెళ్లరా!" అని అరిచాను.

అడవిలో అడుగు పెట్టాలంటే అక్కడుండే అవ్వతాతల ఆత్మల అనుమతి అడగాలి. అందులోనూ వాడు వెళ్లిన పనికి తప్పకుండా అడగాలి. లేకపోతే ఒళ్లు వాస్తుంది. మాలో పాలు తాగే పిల్లలకు కూడా ఇది తెలుసు.

"ఈ వయసులో అంతసేపు ఆగలేనక్కా! వాళ్లూ ముసలివాళ్లేగా, అర్థం చేసుకుంటారు."

అర్థం చేసుకోలేదు. కెవ్వున కేక వేసి, ప్యాంటు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ముక్కు వంకాయంత అయింది.

"కందిరీగ కుట్టింది."

"కందిరీగను పంపిందెవరు?"

వాడు ముక్కు తడుముకున్నాడు. నాకు మాత్రం లోపల పండగలా ఉంది.

"నువ్వు వెళ్లడం వాళ్లకు ఇష్టం లేదురా. ఈ ముక్కుతో పెళ్లేమిటి? మానెయ్."

"ఇష్టం లేనిది వాళ్లకా, నీకా?"

"మధ్యలో నన్నెందుకు లాగుతావు?"

"అయితే వెళ్లి నువ్వే అడుగు. పెద్దదానివి, నీతో మాట్లాడతారు. ఏమన్నారో వచ్చి చెప్పు. ఉండమన్నారంటే ఉండిపోతాను. ఒట్టు."

ఇంతకంటే నాకేం కావాలి? పొదల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. "అవ్వా, తాతా, మావాడు వెర్రివాడు. మీ గుమ్మంలో చేయకూడని పని చేశాడు..."

వెనక అలికిడైంది. టూరిస్టు బస్సు దిగిన జపాన్ వాళ్లు నా వెనక వరుసగా నిలబడి తలలు వంచి ఉన్నారు. యుద్ధంలో పోయినవాళ్ల కోసం ప్రార్థిస్తున్నాననుకున్నారు కాబోలు. ఒకాయన టోపీ కూడా తీశాడు. ఒక ముసలావిడ తెల్లపూల గుత్తి తెచ్చి, సరిగ్గా ఇసిద్రో తడిపిన చోటే పెట్టబోయింది.

"అక్కడ వద్దమ్మా! అక్కడ మాత్రం వద్దు!"

ఆవిడకు నా భాష రాదు. వంగి నాకు నమస్కారం చేసి అక్కడే పెట్టింది. ఇసిద్రో నవ్వు ఆపుకోలేక ఫిరంగిని పట్టుకుని కూలబడ్డాడు.

ఆవిడ సంచిలోంచి ఒక ఫొటో తీసి నాకు చూపించింది. సైనికుడి దుస్తుల్లో, మీసం సరిగా రాని కుర్రవాడు. "ఒతోసాన్," అంది. జపాన్ ఏలుబడిలో బడికి వెళ్లిన మా అమ్మ వల్ల ఆ మాట నాకు తెలుసు. నాన్న.

ఎనభై దాటిన కూతురు, ఇరవై నిండిన నాన్న. ఆవిడ ఫొటోను పొదలకు కూడా చూపించి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఫోన్ చేస్తే పలికేంత దూరం వెళ్తున్న తమ్ముణ్ణి ఆపెయ్యమని అడగడానికి, ఆ చేతిలో చెయ్యి ఉండగా, నాకు నోరు రాలేదు.

"ఆ ముక్కొక్కటి తగ్గించండి చాలు," అని వచ్చేశాను.

"ఏమన్నారు?" అన్నాడు ఇసిద్రో.

"పొమ్మన్నారు."

"ఇంతసేపూ ఆ ఒక్క ముక్కేనా?"

"నీ మీద వాళ్లకు మాత్రం కంప్లయింట్లు ఉండవా?"

"ఉండమన్నారని చెప్తావనుకున్నానే," అన్నాడు మెల్లగా.

"విమానానికి టైమవుతోంది. లే."

ముక్కు తగ్గలేదు. దానితోనే ఎక్కాడు. దీపాలు పెట్టే వేళకు రూఫినా ఫోన్ చేసింది.

"వదినా, మీరు పంపింది మీ తమ్ముణ్ణేనా? ముందు ముక్కు దిగింది, వెనక మనిషి దిగాడు."

"వాడే. మళ్లీ వెనక్కి తీసుకోను, చెప్తున్నా," అన్నాను. ఏడుస్తున్నానని ఆవిడకు తెలియకుండా గట్టిగా దగ్గాను.