మూడంగుళాల మర్యాద

నేను ఒక కొలత టేపును. పొడవు అరవై అంగుళాలు, వెడల్పు బొటనవేలి గోరంత. రెండు చివర్లా ఇత్తడి రేకు ఉండేది, ఇప్పుడు ఒక చివరే మిగిలింది. పుట్టినప్పుడు నిమ్మపండు రంగులో మెరిసేదాన్ని. ఇప్పుడు నన్ను చూసి ఆ మాట ఎవరూ నమ్మరు. నా ఒంటిమీది అంకెలన్నీ ఒకేలా అరగలేదు. పదిలోపువీ, యాభై దాటినవీ కొత్తవాటిలాగే ఉన్నాయి. ముప్పై ఆరు నుంచి నలభై నాలుగు దాకా మాత్రం చెరిగిపోయి, కళ్లు చికిలించి పోల్చుకోవాల్సి వస్తోంది. మనుషుల నడుములు ఎక్కువగా అక్కడే ఉంటాయి మరి.

నన్ను మొదట కొన్నది రాజమండ్రిలో ఒక ప్యాంట్ల టైలరు. చెయ్యి వణకడం మొదలయ్యాక ఆయన నన్ను తన శిష్యుడు వీర్రాజు మెడలో వేసి పంపించేశాడు. వీర్రాజు నిడదవోలు స్టేషను రోడ్డులో కొట్టు పెట్టాడు. పెళ్లయిన రెండో ఏడు భార్య మంగతాయారు కూడా మిషనెక్కింది. మగవాళ్లకి ఆయన, ఆడవాళ్లకి ఆవిడ. మెడలు రెండు, టేపును నేనొక్కదాన్నే. ముప్పై ఏళ్లుగా ఆ మెడ మీంచి ఈ మెడ మీదికి మారుతూనే ఉన్నాను. ఇంకో టేపు కొనుక్కోండని చెప్పే నోరు నాకు లేకపోయింది.

నేను నడుము చుట్టూ తిరిగేసరికి ప్రతి మనిషీ ఊపిరి బిగబడతాడు. పెద్ద ఉద్యోగి అయినా అంతే, పాలమ్ముకునేవాడైనా అంతే. పొట్ట లోపలికి లాక్కుని, గోడమీద క్యాలెండరు వంక చూస్తూ, నాకు అబద్ధం చెబుతారు. నాకు చెప్పి ఏం లాభం? రేపు ఆ బట్ట వేసుకుని ఊపిరి పీల్చాల్సింది వాళ్లే కదా. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత జాలేసేది. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు, ఎప్పుడు వదులుతారా అని చూస్తానంతే.

ఈ సంగతి కనిపెట్టిన మొగుడూ పెళ్లాలు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పెట్టుకున్నారంటే కూర్చుని మాట్లాడుకున్నది కాదు, దానంతటదే అలవాటైపోయింది. ఒకరు కొలుస్తుంటే ఇంకొకరు పుస్తకంలో రాస్తారు. కొలిచేవాళ్లు నడుము దగ్గరికొచ్చేసరికి ఉన్నదానికి మూడంగుళాలు తగ్గించి పైకి చదువుతారు. రాసేవాళ్లు ఆ మూడూ మళ్లీ కలిపి రాసుకుంటారు. వచ్చినవాళ్లు తమ నడుము అంతేనని సంతోషపడతారు, బట్ట కూడా సరిగ్గా సరిపోతుంది. ‘వీర్రాజు కొట్టులో కుట్టిస్తే సన్నగా కనపడతాం’ అని ఊళ్లో పేరొచ్చింది. దాంతోపాటు ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఒకరి కొలత ఇంకొకరికి చెప్పరు. అక్క కొలత చెల్లెలు అడిగినా సరే, మంగతాయారు నోట్లో గుండుసూదులున్నట్టు నటించి మాట దాటేస్తుంది.

పొట్ట దాచే విద్యలో ఆవిడని మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. అడ్డగీతలు వద్దంటుంది, సన్నటి నిలువుగీతలు తెచ్చుకోమంటుంది. పెద్ద పెద్ద పువ్వులొద్దు, చిన్న చుక్కలు చాలు. గంజి పెట్టిన నేతచీర కుచ్చిళ్లు పొట్టమీద గొడుగులా నిలబడతాయి, మెత్తగా జారే జార్జెట్ కట్టుకో. లంగా బొందు ముడి బొడ్డుకింద వేసుకుంటే ఆ ముడే ఇంకో పొట్టలా తేలుతుంది, పక్కకి వేసుకో. అసలు బొందే వద్దు, పక్కన హుక్కులు పెట్టి, ఒంటికి సరిపడా లంగా కుట్టిస్తాను. జాకెట్టు రెండంగుళాలు పొడుగు దించుతాను. ఇలా సాగేది ఆవిడ ధోరణి. వినీ వినీ నాకు ఇదంతా కంఠతా వచ్చేసింది.

ఇక హైమావతి సంగతి చెప్పాలి.

హైమావతికి నలభై రెండేళ్లు. పోస్టాఫీసులో ఉద్యోగం. తల్లిదండ్రుల జబ్బులు, మందులు, ఆస్పత్రులతో పెళ్లి వయసు దాటిపోయింది. అన్నా వదినా అదే ఊళ్లో ఉంటారు గానీ, ఆమె విడిగా రెండు గదుల వాటాలో ఒక్కతే ఉంటుంది. పెళ్లిచూపులు పద్నాలుగుసార్లు అయ్యాయి. అందులో సగానికి పైగా ఆమె వేసుకుని కూర్చున్న లంగా, జాకెట్టు మా కొట్టులో కుట్టినవే. ప్రతిసారీ అటువాళ్లు పెద్దమనిషి ద్వారా ఒకటే మాట పంపేవాళ్లు, అమ్మాయి మంచిదే గానీ నడుము దగ్గర కాస్త భారీ అని. ఆ ఒక్క మాట మోసుకుంటూ ఆమె మళ్లీ నా దగ్గరికొచ్చేది.

పదిహేనోసారి వాళ్ల వదిన పద్మిని ఆమెని వెంటబెట్టుకుని వచ్చింది.

“ఈసారి బాగా దాచాలండి మంగతాయారుగారూ. సహకార బ్యాంకులో పనండి ఆయనకి. భార్య పోయి నాలుగేళ్లయింది. పిల్లల్లేరు. ఇంతకంటే మంచి సంబంధం మళ్లీ రాదండి.”

“దాచేద్దామమ్మా. ఆది జాకెట్టు తెచ్చారా?”

“తెచ్చాం గానండి, అది పోయినేడాదిది. ఇప్పుడు చేతుల దగ్గర పట్టేస్తోంది. కొలతే తీయండి.”

హైమావతి చేతులు రెండూ కాస్త ఎత్తి నిలబడింది. ఎన్నిసార్లు నిలబడిందో, ఎవరూ చెప్పక్కర్లేకుండానే చేతులు లేచిపోయాయి. నేను చుట్టూ తిరిగేలోపు మంగతాయారుతో మెల్లగా అంది: “ఇది కుదిరితే చాలండి, ఇంక దాచడానికేం కుట్టించుకోను. సాయంత్రం ఇంటికెళ్తే ఒక గ్లాసు కాఫీ కలుపుకుంటాను. రెండో గ్లాసు కూడా కలపాలనుంటుందండి, అంతే.”

మంగతాయారు నన్ను బిగించి చూసింది. ముప్పై తొమ్మిది. పైకి “ముప్పై ఆరు” అని చదివింది.

తప్పు సరిగ్గా అక్కడే జరిగింది. ఆ వారం వీర్రాజుకి కంటిలో శుక్లం తీసి ఇంట్లో పడుకోబెట్టారు. పెళ్లిళ్ల రోజులు, కొట్టునిండా గుడ్డలు. అందుకని నాగరత్నం అనే ఆవిణ్ణి కొత్తగా పనికి పెట్టుకున్నారు. పుస్తకం ఆవిడ చేతిలో ఉంది. విన్నది విన్నట్టు ముప్పై ఆరని రాసింది. మూడు కలపాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేకుండా నడిచిపోయిన పని అది. ఇంకొకరికి చెప్పాల్సిన సంగతి ఒకటుందని మంగతాయారుకి తట్టనే లేదు.

ఆ మర్నాడు ఒక నడివయసాయన వచ్చాడు. పేరు సూర్యచంద్రరావు. పాత ఖాతాదారే, ఏడాదికి రెండు జతలు కుట్టిస్తాడు. ముదురు నీలంలో సన్నటి నిలువుగీతల గుడ్డ తెచ్చాడు.

“టక్ చేసుకోనండి. పైకి వదిలేసేలా, కింద అంచు తిన్నగా ఉండేలా కుట్టండి. ఇక్కడ... కాస్త తెలీకుండా ఉండాలి” అని పొట్టమీద చెయ్యి పెట్టుకుని సిగ్గుపడ్డాడు.

వీర్రాజు లేడు కాబట్టి ఆయన్నీ మంగతాయారే కొలిచింది. నలభై నాలుగు. పైకి నలభై ఒకటి. నాగరత్నం నలభై ఒకటే రాసింది. హైమావతి కొలత ఉన్న పేజీలోనే, దాని కింద.

పెళ్లిచూపులు ఆదివారం పొద్దున్న, అన్నగారింట్లో. తొమ్మిదింటికి పద్మిని ఫోను చేసి ఏడ్చినంత పని చేసింది. లంగా హుక్కులు పడటం లేదు. బలవంతాన పెట్టుకుంటే కండంతా పైకి తేలి మడత పడింది. ఏది దాచాలని కుట్టించుకున్నారో దాన్నే ఎత్తి చూపిస్తోంది. మంగతాయారు సూదీ దారం తీసుకుని, నన్ను మెడలో వేసుకునే ఆటో ఎక్కింది. లోపలి గదిలో కుట్టు విప్పుతూ పక్క అతుకు చూసేసరికి మూడంగుళాలు కలవలేదని ఆవిడకి అర్థమైపోయింది.

“కుట్టులో పొరపాటమ్మా” అని మాత్రం అంది.

అప్పటికే ముందుగదిలో అటువాళ్లు వచ్చి కూర్చున్నారు. గుమ్మం తెర సందులోంచి చూస్తే ముదురు నీలం చొక్కా, సన్నటి నిలువుగీతలు. చొక్కా ఆయన పొట్టకి అతుక్కుపోయింది. గుండీల మధ్య సందుల్లోంచి బనీను కనపడుతోంది. పాపం ఆయన సోఫాలో దిండు తీసి ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దానిమీద వేసి, పరీక్ష రాసేవాడిలా నిటారుగా కూర్చున్నాడు. కజ్జికాయ పెడితే వద్దన్నాడు. పక్కన వాళ్లక్క తనదీ ఆయనదీ రెండూ తీసుకుంది.

మంగతాయారు లంగాకి పక్కన గుడ్డ అతుకు వేసి, మూడు పిన్నీసులు పెట్టి పంపించింది. హైమావతి వెళ్లి ఎదురుగా కూర్చుంది. పోస్టాఫీసులో రద్దీ ఎప్పుడుంటుందని ఆయన అడిగాడు. పింఛన్లప్పుడని ఆమె చెప్పింది. మా ఆవిడ ఉన్నప్పుడు ఇంట్లో రేడియో మోగుతూ ఉండేదండి, ఇప్పుడు పెట్టబుద్ధి కాదు అన్నాడాయన. ఆ మాటకి ఆమె తలెత్తి ఆయన్ని నేరుగా చూసింది.

లోపలికొచ్చి పిన్నీసులు తీయించుకుంటూ, “మంచాయనలా ఉన్నాడండి. దిండు మాత్రం దించలేదు” అని నవ్వింది. ఆమె నవ్వగా నేను చూసింది అదే మొదలు. నాకు భయమేసింది. పద్నాలుగుసార్లు పెట్టుకోని ఆశ ఆమె ఈసారి పెట్టేసుకుంది.

నాలుగు రోజుల తర్వాత ఆ లంగా సరిచేయించుకోవడానికి హైమావతి కొట్టుకొచ్చింది. మంగతాయారు నన్ను ఆమె నడుముకి చుట్టింది. అప్పుడే హైమావతి ఫోను మోగింది. సూర్యచంద్రరావు అక్క. చేతులెత్తి నిలబడి ఉంది కాబట్టి ఫోను మిషను మీద పెట్టి స్పీకరు నొక్కింది.

“మావాడికి నువ్వు నచ్చావమ్మా” అందావిడ. “మాటా మంచీ బాగున్నాయన్నాడు. ఒక్కటే సంగతి, ఏమీ అనుకోకు. నడుము దగ్గర కొంచెం ఎక్కువన్నాడు. ఓ మూడు నెలలు టైం పెట్టుకుందాం. పొద్దున్నే నడవడం, రాత్రి అన్నం మానేసి పుల్కాలు తినడం చేశావనుకో, కాస్త తగ్గాక ఓసారి మళ్లీ వచ్చి చూసుకుని ముహూర్తం పెట్టించేద్దాం. ఏమంటావు?”

నా లోపల ఆ నడుము ఒక్కసారిగా బిగుసుకుంది. ఫోనులోకి కూడా ఊపిరి బిగబట్టేవాళ్లని నేను అంతకుముందు చూడలేదు.

“సరేనం...” అంది హైమావతి.

ఆ మాట పూర్తయ్యేలోపు మంగతాయారు నన్ను లాగి పక్కన పడేసింది. బల్లమీది పుస్తకం తీసింది. ఆదివారం కొట్టుకి తిరిగి రాగానే ఆ పేజీలో రెండు అంకెలు కొట్టేసి, పక్కన సరైనవి తనే ఎర్రసిరాతో రాసుకుని ఉంది. ఒకరి కొలత ఇంకొకరికి చెప్పని మనిషి, ఆ పేజీ తెరిచి హైమావతి ముందు పెట్టి, సూర్యచంద్రరావు పేరు కింద వేలు ఆనించింది.

హైమావతి చదివింది. రెండోసారి చదివింది.

“వదినగారూ,” అంది ఫోనుతో, గొంతు పెంచకుండా, “మీ తమ్ముడుగారిది నలభై నాలుగండి. ఆయనకి ఎన్ని నెలలు పెట్టుకుందాం?”

“నలభై నాలుగేంటి? మావాడిది నలభై ఒకటి. ఎప్పుడూ అంతే. ఎవరు చెప్పారు నీకు?” అని, జవాబు కోసం ఆగకుండా ఆవిడ ఫోను పెట్టేసింది.

ఆ సంబంధం అక్కడితో పోయింది. మంగతాయారుకి తెలుసు, హైమావతికీ తెలుసు. హైమావతి స్టూలుమీద కూర్చుంది. గెలిచిన మనిషిలా లేదు. చాలా దూరం నడిచొచ్చిన మనిషిలా ఉంది. కాసేపటికి పుస్తకం మళ్లీ దగ్గరికి లాక్కుని, ఈసారి పైనున్న తన పేరు చూసుకుంది.

“ఆయనకి నలభై ఒకటని చెప్పారు కదండీ?”

“చెప్పానమ్మా.”

“నాకు ముప్పై ఆరన్నారు. ఇక్కడ ముప్పై తొమ్మిదని ఉంది.”

మంగతాయారు తల దించుకుంది.

“ఎన్నాళ్ల నుంచండి?”

“మొదట్నుంచీ అంతేనమ్మా. నీకే కాదు, అందరికీ. నొచ్చుకుంటారని.”

నాకు సిగ్గేసింది. అబద్ధం చదివినవాళ్లు వాళ్లే గానీ, ముప్పై ఏళ్లుగా దానికి సాక్ష్యం పలికింది నేనే. ఆ మూడంగుళాల మర్యాద తిని తిని సూర్యచంద్రరావు తను నలభై ఒకటేననుకున్నాడు. ఆ ధీమాతోనే ఎదుటి మనిషిని చూసి ఎక్కువన్నాడు. ఆయన్నొక్కణ్ణే అని ఏం లాభం?

“ఆ పద్నాలుగుమందీ కాదన్నప్పుడల్లా ఇంటికెళ్లి లెక్క వేసుకునేదాన్నండి. ముప్పై ఆరే కదా, అదేమంత ఎక్కువని. వాళ్ల కళ్లే బాగాలేవనుకునేదాన్ని” అంది హైమావతి.

“తప్పైపోయిందమ్మా.”

“లేదులెండి. ఆ మాటే లేకపోతే నాలుగోసారికే మానేసేదాన్నేమో.” కొంగుతో కళ్లు తుడుచుకుంది. “అప్పుడే మానేసి ఉంటే బాగుండేది.”

మంగతాయారు కింద పడ్డ నన్ను తీసి మెడలో వేసుకోబోయింది. హైమావతి చెయ్యి చాపి నన్ను అడిగి తీసుకుంది. ఊపిరి వదిలేసి, తన నడుముకి తనే చుట్టుకుంది. చెరిగిపోయిన అంకెల దగ్గర వంగి చూసుకుంటూ నెమ్మదిగా, రోడ్డుమీదికి వినిపించేలా చదివింది.

“ముప్పై తొమ్మిదిన్నర. రాసుకోండి. లంగాకి ఆ హుక్కులూ అవీ తీసేసి బొందు పెట్టండి. రేపు డ్యూటీకి వేసుకెళ్తాను.”