దూది తేనెటీగ

పసుపు దారమా, నల్ల దారమా, తేనెటీగ నడుముకి ఆ పళ్ల నర్సు చుట్టింది ఏ దారమో ఎంత తవ్వుకున్నా గుర్తుకు రావడం లేదు, దూది మాత్రం గుర్తుంది, ఉమ్మి పీల్చుకోవడానికి బుగ్గలో కుక్కే దూది చుట్టల్లోంచి ఒకటి తీసి, మధ్యలో దారం బిగించి, పెన్నుతో రెండు కళ్లు పెట్టి, ఏడవకుండా కూచున్నావుగా, ఇదిగో, అని అరచేతిలో పెట్టింది, ఆ అరచేతికి ఇప్పుడు అరవై రెండేళ్లు, అది కుర్చీ చేతిని ఊడబెరికేలా పట్టుకుని ఉంది, కాస్త వదులుగా కూచోండి మెరెపేకా గారూ, అంటున్నాడు పళ్ల డాక్టరు కెరిగన్, మాస్కు వెనకనుంచి ఆ మాట నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు వస్తోంది, భయానికని పొద్దున మింగిన చిన్న మాత్ర పని చేస్తోంది కాబోలు, పాదాలు ఎక్కడున్నాయో తెలియడం లేదు, హాయిగా కూడా ఉంది, నలభై ఏళ్లుగా పళ్ల డాక్టరు గుమ్మం తొక్కని మనిషికి ఈ కుర్చీలో హాయేమిటి, సిగ్గులేకపోతే సరి.

నేనిక్కడే ఉన్నా ఆంటీ, అంటోంది కిటికీ దగ్గర కూచున్న లాయరు అలోఫా, సమోవా పిల్ల, చుట్టరికం ఏమీ లేదు, అయినా మొదటి రోజునుంచీ ఆంటీ అనే పిలుస్తుంది, ఒళ్లో ఫైలు, ఫైలు మీద రెండు చేతులు, రెండేళ్లు తిరిగింది పాపం ఆ ఫైలులో ఒక్క కాగితం పెట్టడానికి, హట్ లోయ పైన కొండ మీద బాలికల గృహం ఉండేది, కోర్టు పంపితే పదమూడేళ్ల మెరెపేకా అక్కడ ఏడు నెలలు ఉంది, ఏం నేరమయ్యా అంటే బడి ఎగ్గొట్టి స్టేషన్లో రైళ్లు చూస్తూ కూచోవడం, ఆ ఏడు నెలల్లో తనకి జరిగినదానికి ప్రభుత్వం జవాబు చెప్పాలని ఇప్పుడు దావా, వాళ్లేమో ఆ ఏళ్ల కాగితాలు బీరువాలు ఖాళీ చేసినప్పుడు పారేశాం, మీరక్కడ ఉన్నట్టే ఎక్కడా లేదు, అంటారు, పైగా పాత బడి రిజిస్టరు తీసి చూపిస్తారు, అందులో అమ్మ రాయించిన ముక్క ఒకటుంది, వైరోవాలో పిన్ని ఇంటికి వెళ్లింది అని.

వైరోవాలో హూరియా పిన్ని ఇల్లు, వెనక ప్లమ్ చెట్టు, నదిలో వలతో పట్టిన చిట్టి చేపల్ని గుడ్డు సొనలో కలిపి పెనం మీద వేసే అట్లు, మెరెపేకా ఆ ఇంటికి వెళ్లింది నిజమే, కానీ అది అంతకు ముందు ఎండాకాలం సెలవుల్లో, రెండే రెండు వారాలు, అమ్మ ఆ రెండు వారాల్ని సాగదీసి ఏడు నెలలు చేసింది, చర్చిలో అడిగినవాళ్లకి చెప్పింది, తమ్ముడు తామాతికి చెప్పింది, చెప్పి చెప్పి తనే నమ్మింది, ఆఖరికి అమ్మ పోయినప్పుడు మరాయెలో, సభ ఇంట్లో, శవపేటిక పక్కన మూడు రోజులు కూచుంటే, పెద్ద మామయ్య చేతికర్ర పట్టుకుని లేచి, అమ్మ బతుకంతా అందరికీ వినిపిస్తూ, పెద్దపిల్లని వైరోవాలో చెల్లెలి దగ్గర పెట్టి చదివించింది అన్నాడు, అక్కడ నిలబడి అన్న మాట ఇక చెరగదు, పోయిన మనిషి మొహం ముందు కాదనడానికి నోరెలా వస్తుంది, మెరెపేకా తల ఊపింది, అవును, ఊపింది, అప్పటినుంచీ గృహం వరండా గుర్తొస్తే అందులో ప్లమ్ పళ్లు రాలి ఉంటాయి, పిన్ని వంటింట్లో గృహాన్ని నడిపే మేట్రన్ తాళాల గుత్తి గలగలమంటుంది, ఏది జరిగిందో ఏది కలో, దావా సంగతి తెలిసి తామాతి ఫోన్ చేశాడు, అక్కా, నువ్వు పిన్ని దగ్గర లేవూ, మరి అమ్మ అబద్ధమాడిందంటావా, అన్నాడు, మెత్తగానే, నిజంగా తెలియక అడిగాడు, ఆ మెత్తదనమే గుచ్చుకుంది, ఆ ప్రశ్న తనలోనూ ఉందాయె, ఈ పూట పాత కార్డుతో పళ్లు కలవకపోతే దావా మానుకుని అమ్మ సమాధి దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకోవాలని నిన్ననే అనుకుంది.

అలోఫాది బుర్రంటే బుర్ర, పిల్లల కాగితాలు పారేసినవాళ్లు పళ్ల కాగితాలు పారేసి ఉండరులే ఆంటీ, అంది, బడి బడికీ తిరిగే పళ్ల నర్సులది వేరే శాఖ, వాళ్ల అట్టపెట్టెలు వేరు, గృహంలో నర్సు వచ్చి కూచునే గదిని పిల్లలు కసాయి కొట్టు అనేవాళ్లు, లవంగనూనె వాసన, తాడుతో గిర్రున తిరుగుతూ పళ్లు తొలిచే మిషను, తెల్ల గౌను మీద నర్సు ఎర్ర స్వెట్టరు, ఆ పెట్టెల్లో ఒక కార్డు దొరికింది, రెబెకా, పదమూడేళ్లు, బాలికల గృహం, అంతే, ఇంటిపేరు లేదు, మావోరీ పేర్లకి నోరు తిప్పుకునే ఓపిక లేక అక్కడివాళ్లు తమకి తోచిన పేరు తగిలించేవారు, మెరెపేకా రెబెకా అయింది, రెబెకాలు వెయ్యిమంది ఉంటారు, అది మీరేనని ఎలా నమ్మడం, అని దావాల ఆఫీసు పెదవి విరిచింది, అయితే నోరు తెరిచి చూపిద్దాం పద ఆంటీ, అంది అలోఫా, ఇదిగో, తెరిచింది.

కింద కుడివైపు చివరినుంచి రెండో దవడ పన్ను, వెండి సిమెంటు, అని కార్డు చూసి చదువుతోంది అలోఫా, చిన్న అద్దం పంటికి చల్లగా తగిలింది, ఉంది, అన్నాడు కెరిగన్, దాని పక్కది, అదీ వెండి సిమెంటే, పక్కగోడదాకా, ఉంది, పైన ఎడమ, ఒకటి పీకేశారు, ఖాళీ, ఖాళీయే, ఈ కాలంలో ఇంత పాత సిమెంటు చూడనే లేదండీ, ఎవరి చేతా తీయించుకోకపోవడం మంచిదైంది, అంటున్నాడు, భయపడి పారిపోయినందుకు మెచ్చుకోలా, మెరెపేకాకి నవ్వొచ్చింది, నోట్లో అద్దం ఉందని ఆపుకుంది, ఉంది, ఉంది, అతను అన్నప్పుడల్లా వరండాలోని ప్లమ్ పళ్లు ఒక్కొక్కటే దొర్లుకుంటూ మెట్లు దిగి, రోడ్డు దాటి, వైరోవా వెళ్లిపోతున్నాయి, తాళాల గుత్తి పిన్ని వంటింట్లోంచి లేచి కొండెక్కి తన కొక్కేనికి తను తగులుకుంది, ఎవరి సామాను వాళ్లింటికి చేరుతోంది, పిన్ని పెనం దగ్గర ఇప్పుడు ఏ చప్పుడూ లేదు, అట్లు వేగుతున్న చప్పుడు తప్ప, అమ్మా, నాకు పిచ్చి లేదే, నేనక్కడ ఉన్నానే.

ముందు పన్ను, పైన, మూల విరిగింది, కొత్త దెబ్బ, అని చదివి అలోఫా ఆగింది, దానికి కెరిగన్‌కి అద్దం అక్కర్లేకపోయింది, యాభై ఏళ్లుగా ఫొటోల్లో చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నది ఆ పంటి కోసమే, స్నానాల గది, పింగాణీ తొట్టి అంచు, జుట్టు పట్టుకున్న మేట్రన్ పిడికిలి, దెబ్బ కన్నా ఎక్కువగా బాధపెట్టేది తర్వాతిది, నోరు విప్పకపోవడం, మేట్రన్ ఆ తర్వాత ఇంకా ఎనిమిదేళ్లు ఆ కొండ మీదే ఉందిట, ఎంతమంది పిల్లలు, ఎంతెంత చిన్నవాళ్లు, ఆనాడు తను ఒక్క మాట, ఎవరో ఒకరితో, ఒక్క మాట చెప్పి ఉంటే, మొద్దులా మూగదానిలా కూచుంది, తనని తాను తిట్టుకోని రోజు లేదు.

అద్దం బయటికి వచ్చింది, అన్నీ కలిశాయి, ఉత్తరం రాసిస్తాను, అన్నాడు కెరిగన్, అలోఫా లేచి వచ్చి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూచుంది, ఆంటీ, కార్డు వెనక కూడా రాసి ఉంది, నేను ముందే చూశాను, పళ్లు కలవకపోతే అవి ఇంకెవరి మాటలో అవుతాయి, పరాయివాళ్ల మాటలు తెచ్చి నీకెలా ఇవ్వను, అందుకే దాచాను, ఇప్పుడు చదవనా, అంది, మెరెపేకా తల ఊపింది, అలోఫా చదివింది, మేట్రన్ మాట, స్నానాల గదిలో జారిపడింది, పిల్ల మాట, మేట్రన్ నా తలని తొట్టికేసి కొట్టింది, మేట్రన్‌ని బయటికి పంపి పిల్లని మళ్లీ అడిగాను, అదే చెప్పింది, పైవాళ్లకి రాశాను, కింద నర్సు సంతకం, తేదీ, మెరెపేకా ఆ కార్డు చేతిలోకి తీసుకుంది, ఎవరు చెప్పారు, ఏ పిల్ల చెప్పింది, ఎర్ర స్వెట్టరు వంగి చెవి దగ్గరికి వచ్చింది, ఏమన్నావమ్మా, ఇంకోసారి చెప్పు, అంది, తలుపు మూసి ఉంది, దారం నల్లది, అవును నల్లది, ఏడవనందుకు ఇచ్చిందనుకుంది ఇన్నేళ్లూ, ఏడవకపోవడమేమిటి, బాగా ఏడ్చింది, ఏడుస్తూనే చెప్పింది, విని, కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే దూది తీసి తేనెటీగని చేసిచ్చింది, అది చదివిన పైవాళ్లు ఏం చేశారో వాళ్లు చెప్పుకోవాలి, తను మాత్రం చెప్పింది, పదమూడేళ్లకే, విరిగిన పంటితో, రెండుసార్లు అడిగితే రెండుసార్లూ చెప్పింది.